సూర్రావుగారి కొత్త మానిటర్

14-6-2007, గురువారం

నేను ఎంచిన మానిటర్‌ని నన్నే బిగించనివ్వలేదు. సూర్రావుగారి ఇంటి కంప్యూటర్ కోసం అమలాపురం షాపులో నాలుగు ఎల్‌సీడీలు వెలిగించి, తెర నల్లగా పెట్టి, ఎక్కడా పాడైన చుక్క మెరవనిది ఏరాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా పేటవాళ్ళకి ఆ ఇంట్లో వసారా వరకే కదా! ఆయన అల్లుడు లోపలికి పట్టుకుపోయి బిగించాడు.

కాసేపటికి సూర్రావుగారు బయటికొచ్చి, "ఏం ఎంచేవురా? ఫొటోలో మనవరాలి మొహం గుమ్మడికాయలా సాగిపోయింది!" అన్నారు.

"సెట్టింగ్ మార్చాలండి. లోపలికొచ్చి చూస్తానండి."

"అక్కణ్ణించే చెప్పు. అల్లుడు నొక్కుతాడు."

చెప్పకుండా వచ్చేశాను. రేపు ఆయన మొహం మీదే అనాలి. సెట్టింగ్ మార్చాలంటే ఆ గదిలో నాకు కుర్చీ వెయ్యాలని. ఆదివారం లోగా ఆయన అవునో కాదో చెప్పాలని.