మీ అమ్మ దిండు

చిరంజీవి బుల్లికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని అలవాటుగా రాసి, కొట్టేశాను. ఉన్నది నేనొక్కణ్ణే. నా క్షేమం సంగతి కింద రాస్తాను. అక్కడ నువ్వూ, అల్లుడూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వంట చేసుకుంటున్నాను. ఉప్పు ఎక్కువవుతోంది, అడిగేవాళ్ళు లేరు. ప్రెస్సుకు రోజూ వెళ్తున్నాను. దగ్గు తగ్గలేదు. ప్రూఫులు దిద్దుతుంటే ఆయాసం వచ్చి మధ్యలో ఆగిపోతున్నాను. పాత కాగితాల దుమ్మే కారణమని అందరూ తేల్చేశారు. మా బైండరు నోరు నీకు తెలుసుగా. "మీ దగ్గు వినిపిస్తుంటేనే మాకు ధైర్యం సార్. ఆగితేనే లేచొచ్చి చూడాలి" అన్నాడు. నవ్వాను. నవ్వితే ఇంకా దగ్గొచ్చింది. చివరికి అతనే నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

ఆ అమ్మాయిది నీ వయసే. నా ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో సూదితో గుచ్చింది. ఒక్కో చుక్క ఒక్కోదాని సారమట: పుప్పొడి, పిల్లి బొచ్చు, బూజు, దుమ్ము పురుగు. కాసేపటికి ఒక్కచోటే దోమ కుట్టినట్టు ఉబ్బింది. దుమ్ము పురుగు. కంటికి ఆనదట. పరుపుల్లో, దిండ్లలో ఉండి, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుందట. అది విసర్జించింది గాలిలో కలిసి లోపలికి పోతే కొందరికి ఏమీ కాదు, కొందరికి ఊపిరాడదు.

"గడప దాటొచ్చిన ఈగని దొంగనుకుని మనిల్లు మనమే తగలబెట్టుకోవడం లాంటిదండీ ఎలర్జీ అంటే. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచీ ఉండుండాలే?" అంది.

"లేదమ్మా. మా ఆవిడ పోయాకే."

పెన్ను పక్కన పెట్టింది. "దుప్పట్లు ఆవిడే ఉతికేవారా?"

"మరిగే నీళ్ళలో. వారం వారం."

"దిండ్లు?"

"ఎండలో వేసేది. ఇల్లు తడిగుడ్డతో తుడిచేది. నేను ఇంట్లో లేనప్పుడే పరుపు దులిపేది."

"అయితే ఆవిడకి తెలుసండీ" అంది.

మీ అమ్మకు శుభ్రం పిచ్చి అని మనిద్దరం ఎంత ఆటపట్టించేవాళ్ళమో గుర్తుందా? "నా పిచ్చి నాదిలే, ముందు ఆ కాళ్ళు పైకెత్తండి" అనేదే తప్ప, ఎవరి కోసమో ఒక్కనాడూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో పొద్దున లేస్తూనే నేను వరసగా తుమ్మేవాణ్ణి. ఆ తుమ్ములు ఎప్పుడు ఆగాయో గమనించనే లేదు. వాటంతటవే పోయాయనుకున్నాను.

ఇది వంశపారంపర్యంగా వస్తుందట. పాప లేస్తూనే ముక్కు నలుపుకుంటోందని రాశావు. జలుబని ఊరుకోకు, చూపించు. తన పడక మీద బొచ్చుబొమ్మలు తీసెయ్యి. ఏడిస్తే ఏడవనీ.

ఇక దాచినది రాస్తాను. పాత దిండ్లు పారెయ్యమంది డాక్టరమ్మ. పారేశానని చెప్పాను. పారేసింది నాది. మీ అమ్మ దిండు అలాగే ఉంది. గలీబు కూడా మార్చలేదు. దాని మీదే పడుకుంటున్నాను. మందు వాడుతున్నా ఎందుకు తగ్గడం లేదో ఆ అమ్మాయికి అంతుపట్టడం లేదు. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేరాలంటోంది.

మీ అమ్మ తలనూనె వాసన ఎప్పుడో పోయింది. కానీ తన ఒంటి నుంచి రాలినది ఇంకా అందులో ఉంది. ఈ ఇంట్లో తనదంటూ మిగిలింది అంతే. దాన్నే ఆ పురుగులు తింటున్నాయి. నేను ఉంచుకున్నా అది ఉండదు. ఆ సంగతి తెలిసీ రోజూ దాని మీదే తల ఆనిస్తున్నాను.

మొన్న ఆదివారం నీళ్ళు మరగబెట్టాను. గలీబు విప్పుదామని మంచం మీద కూర్చున్నాను. నీళ్ళు చల్లారిపోయాయి. తనే ఉంటే అన్నిటికంటే ముందు ఉతికేది ఆ దిండు గలీబే. నాకు చేతులు రాలేదు.

నన్ను మీ దగ్గరికి వచ్చెయ్యమన్నావు. నేను రాలేను. నువ్వే ఒకసారి రా, నేను ప్రెస్సులో ఉండగా. తాళంచెవి మనింటి కింద కొట్లో దర్జీకి ఇచ్చి వెళ్తాను. ఆ దిండు తీసుకెళ్ళిపో. ఉతికావో, కాల్చావో, ఎక్కడ పడేశావో నాకు చెప్పకు. నా కోసం ఆగకు. నేను ఎదురుగా ఉంటే ఇవ్వను.

మంచం ఖాళీగా కనిపిస్తే నువ్వొచ్చి వెళ్ళావని అనుకుంటాను. ఆ తర్వాత ఎప్పుడో దగ్గు ఆగుతుంది. ఆగిన రోజున, మీ అమ్మ పోయిందని నమ్ముతాను.

ఇట్లు,
నీ రాక కోరుతూనే భయపడుతున్న
నాన్న