మా మామగారి గొంతున్న గదిని పది నిమిషాలు తెరిపించమని

అగ్నిప్రమాద నివారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అపార్ట్‌మెంటు సెల్లారులోని ఏడో నంబరు స్టోరు గదికి తమ సిబ్బంది సీలు వేయుట – లోపల నా కంప్యూటరు ఇంకా నడుస్తూనే ఉండుట – ఈ నెల 18న గదికి కరెంటు తీసివేయనుండుట – ఈలోగా పది నిమిషాలు లోపలికి పోవుటకు అనుమతి కోరుట – గురించి.

సూచిక: (1) తలుపుకి అంటించిన తమ నోటీసు. (2) నా మొదటి అర్జీ. జవాబు లేదు. (3) నా రెండో అర్జీ. "మొదటి అర్జీ చూడుడు" అని జవాబు వచ్చింది.

పై విషయమై తమకు మనవి చేసుకునేది ఏమనగా:

1. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. సదరు గదిలో సొంత కంప్యూటర్లు రెండు పెట్టి రెండున్నరేళ్లుగా ఆపకుండా నడుపుతున్నాను. ఇంట్లోవాళ్ల ఫోటోలు, కాగితాలు, పాటలు పరాయి కంపెనీల దగ్గర కాకుండా మన గూట్లోనే ఉండాలన్నది నా పిచ్చి. నా భార్య దాన్ని పిచ్చి అనే అంటుంది కనుక వేరే మాట వెతకలేదు.

2. తమ నోటీసులో "అనుమతి లేని యంత్రశాల" అని రాశారు. ఒప్పుకుంటున్నాను. ఒక ప్లగ్గులోంచి ఇంకో ప్లగ్గు, అందులోంచి మూడోది లాగిన మాట నిజం. గదిలో వేడి ఉన్న మాట నిజం. సీలు వేయడం అన్యాయమని నేను ఎక్కడా అనడం లేదు.

3. మా మామగారు కూరగాయల మార్కెట్‌లో ముప్పయ్యేళ్లు వేలంపాట నడిపిన మనిషి. నిరుడు గొంతులో కేన్సరు వచ్చి స్వరపేటిక తీసేశారు. ఆపరేషనుకి ముందు ఆరు వారాలపాటు రోజూ గంటసేపు ఆయన చేత మాట్లాడించి రికార్డు చేశాను. ఆ రికార్డింగుల ఆధారంగా, ఆయన టాబ్లెట్‌లో టైపు చేస్తే ఆయన గొంతుతోనే పలికే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాను. మొదటిరోజు ఆయన టైపు చేసింది "ఒకటోసారి" అని. ఆ తర్వాత "రెండోసారి". మూడోది పలికేలోపే నా భార్య ఏడుస్తూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ప్రోగ్రామూ, ఆ రికార్డింగులూ సదరు ఏడో నంబరు గదిలో ఉన్నవి.

ఇలాంటి పనే చేసిపెట్టే కంపెనీ ఒకటుందని ఆస్పత్రివాళ్లు చెప్పారు. నేనే వద్దన్నాను. "మామయ్యా, మీ గొంతు మన ఇంట్లోనే ఉంటుంది" అని మాటిచ్చాను. ఆయన నన్ను నమ్మి తల ఊపారు. అప్పటికి ఆయనకు మాట ఉంది, అయినా ఎదురు చెప్పలేదు.

4. ఇక నా తప్పులు. తమ విచారణకి పనికొస్తాయని వరసగా రాస్తున్నాను.

(అ) "ఒక కాపీ తీసి బీరువాలో పడెయ్యొచ్చుగా?" అని నా భార్య రెండుసార్లు అడిగింది. కాపీ ఉందన్నాను. అది అబద్ధం కాదు. అదే గదిలో, మొదటి కంప్యూటరు నెత్తిమీద కూర్చోబెట్టిన రెండో కంప్యూటరులో ఉంది. కాపీ భేషుగ్గా ఉందని రోజూ పొద్దున్నే నా ఫోనుకి మెసేజీ వచ్చేది. చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

(ఆ) దొంగలెత్తుకుపోయినా ఎవరూ చదవలేకుండా రెండింటికీ అరవైనాలుగు అక్షరాల పాస్‌వర్డు పెట్టాను. అంత పాస్‌వర్డు ఏ మనిషికీ గుర్తుండదు కనుక, పాస్‌వర్డులు దాచే సొంత ప్రోగ్రాంలో దాచాను. ఆ ప్రోగ్రామూ ఆ కంప్యూటరులోనే ఉంది. బీరువా తాళంచెవిని బీరువాలో పెట్టి తలుపు వేసుకున్నానని తమరు గ్రహించగలరు. కంప్యూటరు నడుస్తున్నంతసేపూ పాస్‌వర్డు అడగదు. ఒక్కసారి ఆగిందా, అడుగుతుంది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

(ఇ) తమవాళ్లు రావడానికి ముందురోజు సాయంత్రం, భద్రత ఇంకాస్త పెంచుదామని కంప్యూటరులో ఒక వరుస ప్రోగ్రాం కొత్తగా రాసి, తప్పు రాశాను. దాంతో బయటినుంచి వచ్చేవాళ్లందరినీ, నాతో సహా, ఆ యంత్రం బయటే నిలబెట్టేసింది. మామగారి టాబ్లెట్‌నీ రానివ్వలేదు. పొద్దున్నే కిందికెళ్లి కీబోర్డు పెట్టి ఒక్క నిమిషంలో సరిచేయాలనుకున్నాను. కాఫీ తాగి కిందికి వెళ్లేసరికి తమవాళ్లు లక్క కరిగిస్తున్నారు.

5. తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చాను. విచారణ 26న అన్నారు. కరెంటు 18నే పోతుందని చెబితే గుమాస్తా గారు క్యాలెండరు చూసి, నిజమేనన్నారు. అంతకుమించి ఆయన చేయగలిగింది లేదట. ఆయన మీద నాకు కోపం లేదు. పోనీ తొందరగా వినమని అడిగితే ఆయన చెప్పింది ఇదీ:

"బాధితులు ఎవరైతే వాళ్లే స్వయంగా వచ్చి నోటితో చెప్పుకోవాలండి. కాగితం చాలదు."

మామగారిని తీసుకెళ్లాను. ఆయన కౌంటరు ముందు చాలాసేపు నిలబడ్డారు. గుమాస్తా గారు "చెప్పండి పెద్దాయనా" అన్నారు. మా వెనక వరుసలో ఉన్నాయన కాస్త పక్కకి జరగమన్నాడు. జరిగాం.

6. ఇంట్లో పరిస్థితి. మామగారు మనవరాలిని పిలవాలంటే బల్ల మీద చెంచాతో కొడుతున్నారు. ఆ చప్పుడుకి తాను విసుక్కున్నందుకు నిన్న మా అమ్మాయి ఏడ్చి తాతకి క్షమాపణ చెప్పుకుంది. నా భార్య నాతో మాట్లాడటం లేదు. మాట్లాడిన ఒక్కసారీ, "అందులో ఉన్నది మీ సర్వరు కాదు, మా నాన్న" అంది. చాలా భయంగా ఉందండీ. ఈ వాక్యం అర్జీలో ఉండకూడదని తెలుసు.

కావున తమరు దయతలచి, 18లోగా ఏదో ఒకరోజు, తమ సిబ్బంది సమక్షంలోనే, ఆ తప్పు వరుస దిద్ది పాస్‌వర్డు రాసుకోవడానికి, ఒక కీబోర్డుతో పది నిమిషాలు నన్ను లోపలికి పోనివ్వవలసిందిగా ప్రార్థన. తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది. అడ్డున్నది తమ సంతకమున్న కాగితమూ, లక్క ముద్రా మాత్రమే. తర్వాత ఆ గదిని, యంత్రాలను, కావాలంటే నన్ను కూడా తమ ఇష్టం వచ్చినట్టు చేసుకోవచ్చును.

నాలుగో అర్జీ రాసే వ్యవధి లేదు కనుక దీన్నయినా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఏడో నంబరు స్టోరు గది వినియోగదారుడు

తా.క.: పై అర్జీ ప్రింటు తీసుకుని, కీబోర్డు చంకన పెట్టుకుని తమ దగ్గరికి బయలుదేరుతుంటే సెల్లారులో మా బిల్డింగు ఎలక్ట్రీషియన్ ఎదురయ్యాడు. పద్దెనిమిదిన సెలవు పెట్టాడట, అందుకని ఆ గది కరెంటు ఇవాళే, ఇప్పుడే తీసేశానన్నాడు. మళ్లీ ఇవ్వాలంటే తమ కాగితం కావాలట. లోపల బ్యాటరీ మీద యంత్రాలు ఇంకో ఇరవై నిమిషాలు నడుస్తాయి. ఆ ఇరవై నిమిషాలూ తమ సీలు ముందు నిలబడ్డాను. జేబులో తాళంచెవి ఉంది, చంకలో కీబోర్డు ఉంది. చెయ్యి వేసి చింపితే చిరిగే కాగితం. "సీలు తొలగించుట శిక్షార్హము" అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో తెలియదు. చింపలేదు. తర్వాత లోపలి చప్పుడు ఆగిపోయింది.

మామగారికి ఇంకా చెప్పలేదు. ఆయన పైన కిటికీ దగ్గర కూర్చుని, గది తెరిచాక పలికించాలని టాబ్లెట్‌లో మాటలు టైపు చేసి దాచుకుంటున్నారు. ఇప్పటికి నలభై రెండు వాక్యాలు అయ్యాయి. మొదటిది తమరికే: "ఆఫీసరు గారూ, మా అల్లుడి మీద కేసు పెట్టకండి. తమ మాట దాటే మనిషి కాడు."