ఏడో పేజీ

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి రెండేళ్లు. నీ కూతురు నిత్య ఇక్కడ, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నా దగ్గరే ఉంటోంది.

దుబాయ్ స్టేజీ మీద ఒక గెంతుతో చీలమండ విరిగి బ్యాలే ఆగిపోయాక, నాట్యాన్ని గుర్తులతో కాగితం మీద రాయడం పిల్లలకు నేర్పుతూ బతికావు. ఆ చివరి నాట్యాన్నీ నిత్య కోసం రాసిపెట్టావు. అందులో పైన ‘గెంతు’ అని ఉన్న ఏడో పేజీని భయంతో నేను బీరువాలో దాచేశాను.

నిన్న నిత్య అడిగింది. "పిన్నీ, ఆరో పేజీ తర్వాత ఎనిమిదే ఉంది. ఏడోది నువ్వు తీశావా?"

"ఆ గెంతు నీకొద్దమ్మా."

"ఖలాస్, ఇక చాలు పిన్నీ, ఎల్లుండే షో. నువ్వివ్వకపోతే అమ్మ పాత దుబాయ్ వీడియో చూసి గెంతేస్తా."

ఇచ్చేశాను. ఈ ఉదయం తను గెంతుతుంటే కళ్లు మూసుకున్నాను. పాదాలు నేలను తాకిన చప్పుడయ్యాక తెరిచాను. నవ్వుతూ నిలబడి ఉంది.

"భయపడ్డావా? వీడియోలో అమ్మ ఒంటికాలి మీద దిగింది కదా, ఇక్కడ రెండు కాళ్ల మీద దిగమని మార్చి రాసింది" అంటూ నాకు అర్థంకాని గుర్తుల మీద వేలు పెట్టి చూపించింది.

నీ బిడ్డను కాపాడుతున్నాననుకుని, నువ్వు తనకు చెప్పిన జాగ్రత్తనే దాచేశాను.