డూగీ నక్షత్రం

డండీ,
నవంబరు 14, మంగళవారం.

ప్రియమైన ఇన్నెస్‌కు,

మోరాగ్ రాయునది. ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం కులాసా అని రాయడం మర్యాద గనుక రాస్తున్నాను. అందరం అంటే ఇప్పుడు నేనూ, పిల్లీ. అబర్డీన్‌లో నువ్వూ, మీ అక్కా క్షేమమని తలుస్తాను. ఆవిడ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని బేకరీలో ఎవరో అంటుంటే విని సంతోషించాను.

నీ మాట కూడా నా చెవిన పడింది. ఆ కంప్యూటర్ ఆట ఆడేవాళ్లంతా ఇంటర్నెట్‌లో అభిప్రాయాలు రాసుకునే చోట పోయిన శుక్రవారం నువ్వు రాసింది చదివాను. మొగుడి పేరున్న నక్షత్రాన్ని నిలబెట్టుకునేందుకు ఒక్క వాక్యం రాయడానికి ఆ మోరాగ్‌కు చేతులు రాలేదు అన్నావు. అంతమంది ముందు నీతో కీచులాడటం ఇష్టంలేక కాగితం తీసుకున్నాను.

నీ సంగతీ మా డూగీ సంగతీ నాకంటే ఎవరికి బాగా తెలుసు? 'చుక్కల బేహారి' ఆట వచ్చిన కొత్తలో మా అత్తగారి వంటింట్లో ఒకే కీబోర్డు ముందు భుజాలు తోసుకుంటూ కూర్చునేవాళ్లు. ఓడ వేగం నీ చేతిలో, మలుపులు డూగీ చేతిలో. గిర్రున తిరిగే అంతరిక్ష రేవులోకి ఓడను దూర్చబోయి గుద్దేసిన ప్రతిసారీ తప్పు నీదంటే నీదని ఇల్లెగిరిపోయేలా అరుచుకునేవాళ్లు. ఆ కంప్యూటర్లు బిగించే ఫ్యాక్టరీలోనే నేను పగలంతా పనిచేసేదాన్ని. సాయంత్రం ప్రేమించినవాణ్ణి చూద్దామని వస్తే వాడు మళ్లీ ఆ పెట్టె ముందే ఉండేవాడు. వీడిని చేసుకుంటే నీకు సవతి పోరు తప్పదే అని మా అత్తగారే నన్ను హెచ్చరించింది. చేసుకున్నాను. అతను ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆ ఆట ముట్టుకోలేదు.

మళ్లీ చాలా ఏళ్లకు ఆ ఆటను కొత్తగా చేసి వదిలితే ఇద్దరూ చిన్నపిల్లల్లా గంతులేశారు. నెల తిరక్కుండానే తగువు మొదలైంది. డూగీకి ఏదీ నచ్చలేదు. ఓడ దానంతటదే రేవులో దిగిపోతుంటే ఇక మనిషెందుకు, వెళ్లి టీ పెట్టుకోవడానికా అన్నాడు. నక్షత్రాల పటం నిండా లెక్కలేనన్ని చుక్కలు గుమ్మరించి ఒక్కదాని పేరూ గుర్తుండకుండా చేశారన్నాడు. మా పాత పటం మాకిచ్చేయండి అని వారం వారం కంపెనీకి రాసేవాడు. నీకేమో కొత్తదే నచ్చింది. ఎంత దూరం పోయినా ఇంకా చూడనిది మిగిలుంటుంది, అంతకంటే ఏం కావాలి అన్నావు. అక్కడితో ఆగినా బాగుండేది. డూగీకి కావాల్సింది ఆట కాదు, తన పదిహేడో ఏడు, దాన్ని ఏ కంపెనీ చేసివ్వలేదు అని అందరూ చూసేలా రాశావు. ఆ పూట అతను భోజనానికి లేవలేదు. ఆట కోసం మాటలు మానేస్తారా, సిగ్గులేదూ అని నేను నవ్వాను. రెండేళ్లు మానేశారు.

మార్చిలో అతని ఊపిరితిత్తులు ఇక లాభం లేదని తేలాక, ఇన్నెస్‌కు ఫోన్ చేయనా అని అడిగాను. ముందు వాణ్ణి పాత పటానికి ఒప్పుకోమను, అప్పుడు రమ్మను అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత దగ్గు తెర వచ్చి, ఆ మాట అక్కడే ఆగిపోయింది. మర్నాడు అడగవచ్చులే అనుకున్నాను. మర్నాటికి అతనికి స్పృహ లేదు.

అంత్యక్రియలప్పుడు చర్చిలో నువ్వు చివరి బెంచీలో కూర్చోవడం చూశాను. టీ ఇవ్వకముందే వెళ్లిపోయావు. నాకు కోపం వచ్చింది. మే నెలలో నువ్వు ఆట తయారుచేసినవాళ్ల వెంటపడి, కొత్త పటంలో ఒక నక్షత్రానికి డూగీ పేరు పెట్టించావని తెలిసినప్పుడు ఆ కోపమంతా పోయింది. ఎక్కడెక్కడివాళ్లో తమ ఓడలు తెచ్చి దాని చుట్టూ నిలిపి, దీపాలన్నీ ఒక్కసారిగా ఆర్పి మళ్లీ వెలిగించారు. అతని కుర్చీలో కూర్చుని అదంతా తెర మీద చూస్తూ పెద్దగా ఏడ్చాను. నీకు కృతజ్ఞతలు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

తర్వాత పాత పటం కావాలా, కొత్తదే ఉంచాలా అని ఆట కంపెనీవాళ్లు ఓటింగు పెట్టారు. పాత పటం గెలిస్తే కొత్త పటం పోతుంది, అందులో పెట్టిన పేర్లన్నీ దాంతోపాటే పోతాయి అన్నారు. నువ్వు వెంటనే నాకు రాశావు. కొత్త పటం ఉంచమని ఆటగాళ్లకు ఒక్క మాట రాయి మోరాగ్, భార్య అడిగితే ఏ ఒక్కడూ కాదనడు, నీకు దండం పెడతాను అని. నిజమే, నేను రాస్తే గెలిచేవాళ్లం. ఆటగాళ్లు పైకి మొరటుగా కనిపిస్తారు గానీ మనసు వెన్న.

కానీ ఇన్నెస్, నేనేమని రాయను? డూగీ మెక్రే పేరు నిలబెట్టండి, అతను చివరిదాకా అడిగినదాన్ని మాత్రం ఇవ్వకండి అని రాయనా? అతని పేరే అడ్డం పెట్టి అతన్ని ఓడించమంటావా? అలాగని ఆ నక్షత్రం పోనీండి అని రాయడానికి కూడా నాకు మనసు రాలేదు. అదొక్కటే కదా మిగిలింది. అందుకే నోరు మూసుకున్నాను. రెండువందల చిల్లర ఓట్ల తేడాతో పాత పటం గెలిచింది. నాకు చేతులు రాలేదన్నావే, అది నిజం. ఎందుకు రాలేదో నువ్వు తెలుసుకోవాలి.

చలి ముదిరింది. నీ ఛాతీ అసలే అంతంతమాత్రం, మఫ్లరు లేకుండా తిరగకు. అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపం ఉండీ లేని,
మోరాగ్.

తా.క. ఇది రాయకుండానే కవరు అంటించాను, మళ్లీ చింపాను. మొన్న ఆదివారం పొద్దున కొత్త పటం మూసేసే ముందు డూగీ నక్షత్రం దగ్గర నీ ఓడ పక్కన ఊరూపేరూ లేని బూడిదరంగు ఓడ ఒకటి ఆగి ఉంది చూడు, అందులో ఉన్నది నేనే. ఆట మే నెలలోనే నేర్చుకున్నాను. సాయంత్రం వంట కాగానే అక్కడికి వెళ్లి కాసేపు కూర్చునేదాన్ని.

ఈ డూగీ మీకు తెలుసా అని నువ్వడిగావు. కొంచెం తెలుసు అని టైపు చేశాను. ముక్కూమొహం తెలియని మనిషిననుకుని, డూగీకి ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు తీసి మళ్లీ పెట్టేశావో అంతా చెప్పుకున్నావు. చివర్లో, పాత పటానికి ఓటేసినవాళ్లకు గుండె లేదు అన్నావు. అంతలో తెర నల్లబడింది.

నేనూ పాత పటానికే వేశాను, ఇన్నెస్. ఆ ఆట విషయంలో ఒక్కసారైనా అతని పక్షాన నిలబడదామని వేశాను. మీట నొక్కిన మరుక్షణమే దాన్ని వెనక్కి తీసుకోబోయాను. కుదరలేదు.