ముందు చోటు లేని బండి

తాండూరు,
మంగళవారం.

కాశమ్మక్కకు,

ఫోన్‌లో ఈ సంగతి ఎత్తితే నువ్వు గొర్రెల మాటల్లోకి పోతావు. అందుకే రాస్తున్నాను. మీ అమ్మాయి మల్లికతో చదివించుకో.

నేను తాండూరులో ఉండే వారమంతా మన మోపెడ్ ఊళ్లో నీ దగ్గరే ఉండేది, నువ్వే నడిపేదానివి. కరణ్‌కోట గనికి తోటివాళ్లందరూ మోటార్‌సైకిళ్ల మీద వస్తుంటే నాకు బస్సు దిగి నడవడం నామోషీ అనిపించింది. వికారాబాద్ షోరూంలో ఉన్నవాటిలో చిన్నది, మైలేజీ బాగా ఇచ్చేది చూసుకున్నాను. మోపెడ్‌ను ఎక్స్చేంజిలో రాసుకుంటూ సేల్స్ ఆయన, "ఇంట్ల ఇంకెవరన్న నడుపుతరా?" అని అడిగాడు.

"లే, నేనొక్కన్నే" అన్నాను.

మొన్న ఆదివారం చేను కాడ గొర్రె ఈనిన పిల్లను ఎత్తుకొచ్చి, మోపెడ్ మీద ఎప్పుడూ పెట్టినట్టే సీటు ముందు పెట్టబోయావు. ఈ కొత్త బండికి అక్కడ చోటు లేదు, పెట్రోల్ ట్యాంకు ఉంది. కాసేపు దాన్నే చూశావు. వెనక కూర్చోమని నేనంటే, "రేపు నువ్వుంటవా తమ్మీ? నడుస్త తీ" అన్నావు. కోపంగా కూడా అనలేదు. నేను బండి మీద ముందొచ్చేశాను.

మన మోపెడ్ మళ్లీ తెచ్చుకుందామని నిన్న షోరూంకు పోయాను. దాన్ని అప్పటికే ఎవరో కొనుక్కుపోయారట. ఇక్కడ మెకానిక్ దగ్గర పాత మోపెడ్ ఒకటి ఉంది. ముందు చోటు బాగానే ఉంది గానీ కిక్కు కాస్త గట్టి. శనివారం బస్సెక్కి రా. నువ్వు నడిపి చూసి సరే అంటేనే తీసుకుందాం.

ఎవరు నడుపుతారని ఈ మెకానిక్ కూడా అడిగాడు. మా అక్క అని చెప్పాను.

నీ తమ్ముడు