నా జిల్లాలో దొరకలేదు

బుధవారం, మస్కట్

మధ్యయుగపు ఇంగ్లండులో ఫలానా మనిషిని హాజరుపరచమని రాజు ఉత్తర్వు పంపితే, జిల్లాను చూసే షెరీఫ్ ఆ కాగితం వెనక వైపే జవాబు రాసి తిప్పి పంపేవాడు. తేలికైన జవాబు ‘నా జిల్లాలో దొరకలేదు’. చాలాసార్లు వెతికేవాడే కాదు. ఈ వారమంతా అదే చదువుతున్నాను.

ఇక్కడి మనవాళ్ల కేసుల్లో సాయపడే పని మీద, సాయంత్రం హమ్రియా పేటలో రాజన్న రూముకు వెళ్లాను. జగిత్యాల వైపు మేస్త్రీ. పారిపోయాడని అతని కంపెనీయే ఫిర్యాదు చేసింది. కార్మిక శాఖ అధికారులు ఆరా తీస్తే, వాళ్లు పంపిన కాగితం మీదే ‘దొరకలేదు’ అని రాసి పంపింది. ఆ ఫిర్యాదు కొట్టేసేదాకా అతను దేశం దాటలేడు. ఆదివారం ఊళ్లో అన్న కర్మ.

“నేనేడికి వోయిన సార్? పొద్దుగాల బస్సెక్కించుకున్నది ఆళ్లే గద!”

“నువ్వు దొర్కుతలేవట గదనే రాజన్నా, మరి నా పప్పంత ఎవ్వడు తింటుండు?” అన్నాడు పక్క మంచం నర్సయ్య. ముగ్గురం నవ్వాం.

తారీఖు కనపడేలా ఈరోజు పేపరు చేతికిచ్చి ఫొటో తీశాను. తల దువ్వుకుని నిలబడ్డాడు. ఫొటో అధికారికి పంపితే, కంపెనీని మళ్లీ అడుగుతామని జవాబొచ్చింది. రాసిచ్చేది మళ్లీ కంపెనీ కాగితాలు చూసే ఆ పీఆర్వోనే. ఇంగ్లండులోనూ రెండో ఉత్తర్వు అదే షెరీఫ్ చేతికి వెళ్లేది.

“ఆదివారం లోపల్నైతే కాదు గద సార్?”

కాదన్నాను.

సర్దిన బ్యాగు తెరిచి, రేపటి డ్యూటీ బట్టలు బయటికి తీశాడు.