బల్ల మీద సగం యుద్ధం

శనివారం

రేపు నవీన్ వస్తానన్నాడు. నా కొడుకు శ్రీకాంత్‌తో పాటు కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేవాడు. ప్రతి ఆదివారం మొయినాబాద్ దాకా బండి మీద వచ్చి ఇద్దరూ బల్ల మీద యుద్ధం ఆట ఆడేవాళ్లు. ఒకరిది ప్రష్యా, ఒకరిది ఆస్ట్రియా అట, పాతకాలపు దేశాలు.

"ఆ రెండు దేశాలదీ ఒక్కటే భాష అంటివి, మరి కొట్లాట ఎందుకురా?" అని ఒకసారి అడిగాను.

"పాలోళ్ల పంచాయితీ అమ్మా, అన్నదమ్ముల లెక్క. భూమి కాడికొస్తే భాష యాదికుంటదా?" అని నవ్వాడు శ్రీకాంత్.

వాడు పోయి రెండు నెలలు. ఆట సగంలోనే ఉంది. ఆ బల్లను ఎవరినీ ముట్టనివ్వలేదు. మొన్న మాసికానికి ఇల్లు కడుగుతూ నేనే ముట్టాను. రెండు సైన్యాల అట్టముక్కలు, నీలంవీ తెల్లవీ కలిసిపోయి ఉంటే, మక్కల్లో పెసర్లు ఏరినట్టు ఏరి చెరో పక్క వరుసగా పెట్టాను. బాగా సర్దానని కూడా అనుకున్నాను.

పొద్దున నవీన్ ఫోన్‌లో అడిగాడు.

"ఆంటీ, బల్ల అట్లనే ఉన్నదా? ఆఖరికి వాడు ఏం జరిపిండో జర చూడాలె. ఆ దినం నేను సక్కగ చూడలే."

"అట్లనే ఉన్నది బిడ్డా" అన్నాను.

ఎందుకన్నానో. అప్పటినుంచి బల్ల దగ్గరికే పోయి నిలబడుతున్నాను. ఏ ముక్క ఎక్కడుండేదో ఒక్కటీ గుర్తు రావడం లేదు. రేపు నవీన్ చూడగానే తెలిసిపోతుంది. మా ఆయన నా ముందు కొడుకు పేరెత్తడు. పేరు పెట్టి మాట్లాడేది నవీన్ ఒక్కడే. ఆ ఆట కూడా లేకపోతే వాడింక ఎందుకొస్తాడు...